ఇంటి లెక్క: నూటికి రెండు రూపాయలు

గత సంచికలో వంటయింటి వెచ్చములను గూర్చి మేము వ్రాసిన మాటలకు ఎర్రగుంట్లనుండి యొక సోదరీమణి జాబు వ్రాసినది. జాబు చిన్నది, అందలి మాట మాత్రము రెండు దినములు మమ్ము విడువలేదు. "పప్పులో పావుకిలో మిగిల్చుట మాకు మీరు నేర్పనక్కరలేదు. అప్పులో పావలా యెట్లు మిగులునో తెలిసినచో వ్రాయుడు" అని యామె కోరినది. న్యాయమైన మాట. వెచ్చముల పట్టీని ఎంత కుదించినను నెలకు నాలుగైదు వందలు మిగులుట గగనము. అదే యింట వడ్డీ క్రింద నెలకు నాలుగు వేలు పోవుచుండును; ఆ నాలుగు వేల సంగతి యిల్లాలికి తెలియకుండుట మేమెరిగినంతలో అరుదు కాదు.

ఎర్రగుంట్ల ప్రాంతమున మాకు చుట్టరికములు కలవు. కావున ఆ యూరు మాకు క్రొత్త కాదు. 2016లో నంద్యాల రైలుమార్గము తెరచినది మొదలు అది కూడలి స్టేషనైనది. చుట్టును సిమెంటు కర్మాగారములు, నాపరాతి గనులు. కలమల్ల వద్ద థర్మల్ విద్యుత్కేంద్రము. ఒక యింట నెల జీతము, ప్రక్క యింట బండలు తీయు దినకూలి, ఆ ప్రక్క యింట వానను నమ్మి వేసిన శనగ, ప్రత్తి. రాబడి యొకరికి నెలకు, ఒకరికి దినమునకు, ఒకరికి ఏటికి. ఖర్చు మాత్రము అందరికిని దినమునకే. ఈ రెంటికి నడుమ నున్న ఖాళీలోనే అప్పు ప్రవేశించును. అది సోమరితనముచేతనో దుబారాచేతనో వచ్చినదని మేము తలపము. మెట్టసీమలో మొదటి వాన తప్పినచో రెండవ విత్తనమునకు అప్పు చేయని రైతు ఎవడు?

అప్పు తప్పనిదైనపుడు దాని ధర యెంతయో తెలిసికొనుట మన పని. చీర కొనునప్పుడు గజము ధర యడుగుదుము; అప్పు కొనునప్పుడు అడుగము. అడిగినను, మన సీమలో వడ్డీని సంవత్సరమునకు చెప్పువారు లేరు. "నూటికి రూపాయి", "నూటికి రెండు" అందురు. "నెలకు" అను మాట నోటిలోనే యుండిపోవును. నూటికి రూపాయిని ధర్మవడ్డీ యని గౌరవముగా పిలుచుటయు గలదు. రెండు రూపాయలనగా చెవికి ఎంత చిన్నగా వినబడును! బ్యాంకులో అడిగిన "నూటికి తొమ్మిది" అందురు. అది సంవత్సరమునకు. చదువుకొన్న యిల్లాండ్రే "బ్యాంకులో తొమ్మిదంట, మా వీధిలో రెండే కదా" యని మాతో అనిరి. రెండును పన్నెండుతో హెచ్చవేయుడు. ఇరువదినాలుగు. మూడు రూపాయల వడ్డీ ముప్పదియారు. అక్కరకు వారమునకో పక్షమునకో తెచ్చు పది రూపాయల వడ్డీ, ఏడాది నిలిచినచో నూట యిరువది. అనగా అసలును మించిన వడ్డీ.

50,000 రూపాయలు నూటికి రెండు చొప్పున తెచ్చితిమనుకొందము. నెలకు 1,000, ఏడాదికి 12,000, మూడేండ్లకు 36,000. ఇది బారువడ్డీ. కాని ఏటేట వడ్డీని అసలులో కలుపు చక్రవడ్డీయైనచో మొదటి యేటికి 62,000, రెండవ యేటికి 76,880, మూడవ యేటికి 95,331 రూపాయలగును. మాట యొకటే, "నూటికి రెండు". చేతినుండి పోవునది మాత్రము 9,331 రూపాయలు అధికము. కావున అప్పు తెచ్చు దినముననే "బారువడ్డీయా, చక్రవడ్డీయా?" యని యడిగించుడు. మూడేండ్లకొకమారు నోటు తిరగవ్రాయునప్పుడు నిలిచిన వడ్డీని మెల్లగా అసలులో చేర్చుట అనేక గ్రామములలో వాడుక. ఆ దినమున ఇంటిలో నుండుడు.

ఇంతకన్న కనుగప్పునది దినవాయిదా యప్పు. బజారున కూరలు, పూలు అమ్ముకొను స్త్రీలకు ఇది బాగుగా తెలియును. 10,000 రూపాయల అప్పని చెప్పి, ముందే వేయి తగ్గించి 9,000 చేతికిత్తురు. దినమునకు నూరు చొప్పున నూరు దినములు కట్టవలెను. "వేయి రూపాయలే కదా వడ్డీ" అనిపించును. కాని ఆ 9,000 నూరు దినములును మన చేత నుండలేదు. మొదటి దినమునుండియే నూరు నూరుగా వెనుకకు పోవుచున్నది. సగటున మన యొద్ద నిలిచినది ఇంచుమించు సగమే. ఆ సగముపై, నూరు దినములకే, వేయి రూపాయలు! సంవత్సరపు లెక్కకు తెచ్చినచో నూటికి 75 దాటును. నెలవాయిదాలపై ఇచ్చు కొన్ని యప్పులలోను ఈ గారడీయే కొంచెము మర్యాదగా జరుగును. "నూటికి పన్నెండు ఫ్లాట్" అని చెప్పి, 10,000కు ఏడాదికి 1,200 కలిపి, 11,200ను పన్నెండు వాయిదాలుగా పంచుదురు. అసలు నెలనెలకు తరుగుచున్నను వడ్డీ తరుగదు. నిజమునకది నూటికి ఇరువదియొకటి దాటిన వడ్డీ.

ఈ గారడీకి రిజర్వు బ్యాంకు ఒక విరుగుడు చేసినది. 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులును ఫైనాన్సు కంపెనీలును సామాన్యులకిచ్చు వాయిదా యప్పులన్నిటికి "కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్" అను చిన్న పత్రము ముందుగా నీయవలెను. అన్ని ఖర్చులను కలిపిన సంవత్సరపు రేటు అందులో ఒకే అంకెగా నుండును. ఆ పత్రము అప్పు తీసికొనువారికి తెలిసిన భాషలో నుండవలెనని కూడ నియమము. కావున తెలుగులో అడుగుటకు సిగ్గుపడవలసిన పని లేదు. తక్కిన పుటలు చదువుటకు ఓపిక లేకున్నను ఆ యొక్క అంకెను చదివి, తరువాతనే సంతకము చేయుడు. ఏడాదికి మూడు లక్షలకు మించని రాబడిగల కుటుంబములకు తాకట్టు లేక ఇచ్చు చిన్న యప్పులకు మరి రెండు రక్షలు 2022 నుండి కలవు: అన్ని యప్పుల వాయిదాలును కలిసి ఇంటి నెల రాబడిలో సగము మించరాదు, గడువునకు ముందే తీర్చినచో జరిమానా వేయరాదు.

ఇవి బ్యాంకుల సంగతులు. మన యిండ్లలో మిక్కిలి యప్పు ఒక చిన్న కాగితముపైన, రెవిన్యూ స్టాంపుపై చేసిన సంతకముపైన నడచుచున్నది. ఎర్రగుంట్ల మండలములోని కలమల్లలోనే చెన్నకేశవాలయపు ఆవరణలో రేనాటి చోళుల నాటి రాతి శాసనము దొరకినది. దొరకిన తెలుగు శాసనములలో మొదటిదిగా పండితులు దానిని లెక్కింతురు, ఇంచుమించు క్రీ. శ. 575 నాటిది. తెలుగుమాట వ్రాతయై నిలిచిన ఆ గడ్డపైననే నేడు లక్షల రూపాయలు వ్రాతలేక చేతులు మారుచున్నవి. ఈ మాట పరిహాసమునకు వ్రాయలేదు. మా చిన్నమ్మ కూతురి యింట జరిగినది చెప్పెదము.

ఆమె భర్తకు బండలు నునుపుచేయు మిషను ఉండెడిది. దానికొరకు ఊరి పెద్దమనిషి యొకని వద్ద 2,00,000 రూపాయలు నూటికి రెండు చొప్పున నోటు వ్రాసి తెచ్చెను. నెలకు 4,000 తప్పక చేతికిచ్చుచుండెను. ఇచ్చినపుడెల్ల నోటు వెనుక వ్రాయుమని అడుగుట ఆయనకు నామోషీ. "రోజూ మొగాలు చూసుకునేవాళ్లం" అనెడివాడట. ఇరువదియారు నెలలు చెల్లించిన పిమ్మట జబ్బుపడి, ఆసుపత్రిలో రెండు నెలలుండి మరణించెను. కర్మ ముగిసిన పదునైదవ దినమున ఆ పెద్దమనిషి నోటుతో వచ్చెను. వెనుక ప్రక్క తెల్లగా నుండెను. అసలు 2,00,000, ఇరువదియెనిమిది నెలల వడ్డీ 1,12,000, మొత్తము 3,12,000 రూపాయలు తెమ్మనెను. ఇరువదియారు నెలల సొమ్ము ముట్టలేదని కరాఖండిగా చెప్పెను.

మేము వెళ్లునప్పటికి మా చెల్లెలు మెడలోని గొలుసు తీసి ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. "పరువు పోకముందే దీన్ని ఇచ్చేస్తా అక్కా" అన్నది. ఆ గొలుసు మా చిన్నమ్మ చేయించి యిచ్చినది. ఆగుమని చెప్పి, ఇంటిలోని కాగితములన్నియు తెప్పించితిమి. రశీదు ఒక్కటియు లేదు. తుదకు పాల లెక్క వ్రాయు పుస్తకము దొరకినది. అందులో నెలకొకచోట, అర లీటరు, లీటరు అను పంక్తుల నడుమ, "వడ్డీ 4000" అని తేదీతో వ్రాసియున్నది. "ఆ పొద్దు డబ్బులు ఇంట్లోంచి పోయినాయి కదా, పాలోళ్లకు తక్కువ పడతాయేమో అని రాసి పెట్టుకున్నా. దీనికి పనికొస్తుందని నాకేం తెలుసు?" అన్నది. పుట పుటయు త్రిప్పి లెక్కించితిమి. పందొమ్మిది నెలలు దొరకినవి. తక్కిన యేడు నెలలు ఆమె పుట్టింట నున్న కాలమో, మరచిన కాలమో.

పంచాయితీకి పెద్దలు కూర్చుండిరి. పాల పుస్తకము కోర్టులో నిలుచునా యను వాదము కొంత జరిగినది. మిగిలిన వ్రాతలన్నియు పాలవాని లెక్కతో సరిపోవుటచే, ఆ పందొమ్మిది పంక్తులు మాత్రము అబద్ధమనుటకు పెద్దలకు నోరాడలేదు. అప్పిచ్చినవాడు వానివరకు ఒప్పుకొనెను. తొమ్మిది నెలల వడ్డీ 36,000, అసలు 2,00,000 తీర్మానమైనది. మిషను అమ్మి కట్టిరి. నిజముగా బాకీ యున్నది రెండు నెలల వడ్డీ 8,000 మాత్రమే. వ్రాయని యేడు పంక్తుల వెల 28,000 రూపాయలు. గొలుసు మాత్రము మరల మెడకెక్కినది.

నోటు సంగతిలో ఇల్లాలు ఎరుగవలసిన ధర్మములు కొన్ని కలవు. అడిగిన తోడనే చెల్లించెదనని వ్రాసిన ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము వ్రాసిన తేదీనుండి మూడేండ్లు గడువు. ఆ గడువులోపల సొమ్ము కొంత చెల్లించి, దానిని చెల్లించినవారు తమ చేత వ్రాసినను, సంతకము చేసినను, ఆ దినమునుండి మరల మూడేండ్లు లెక్కకు వచ్చును. దీనినే మనవారు "చెల్లు" అందురు. ఇందు రెండంచులు కలవు. చెల్లు వ్రాసిన అప్పిచ్చినవానికి గడువు పెరుగును. వ్రాయకున్న మనమిచ్చిన సొమ్ముకు సాక్షి యుండడు. "గడువు దాటిపోనిమ్ము, చెల్లు వ్రాయకుము" అని కొందరు తెలివిగా సలహా చెప్పుదురు. ఆ తెలివి మాకు నచ్చదు. ఇచ్చెడి ఉద్దేశము గలవారికి ఇచ్చినదానికి వ్రాత యుండుటయే మేలు. నోటు వెనుక చెల్లు వ్రాయించుటతో పాటు మీ పుస్తకములో అప్పిచ్చినవాని సంతకము కూడ తీసికొనుడు. దానికన్న సులభము, సొమ్మును చేతికీయక, ఫోను ద్వారా బ్యాంకు ఖాతానుండి పంపుట. తేదీయు మొత్తమును బ్యాంకువారే వ్రాసిపెట్టుదురు. చేతికే కావలెనని పట్టుబట్టువాని యందు కొంచెము జాగ్రత్త మంచిది.

ఖాళీ నోటుపై సంతకము ఎన్నడును వద్దు. స్టాంపు అంటించి, అంకె వ్రాయక, సంతకము చేసి యిచ్చిన కాగితమును నింపుకొను అధికారము పుచ్చుకొన్నవానికి 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టమే యిచ్చుచున్నది. బాకీ తీరిన దినమున నోటును వెనుకకు తీసికొని చింపివేయుడు. "ఎక్కడో పెట్టినాను, తరువాత ఇత్తును" అన్నచో, బాకీ తీరినదని వేరుగా వ్రాయించుకొనుడు.

మా చెల్లెలి గొలుసు సంగతియు ఇక్కడనే చెప్పవలెను. ఆ నోటుపై ఆమె సంతకము లేదు. భర్త చేసిన అప్పునకు, ఆయన విడిచిన ఆస్తి ఎంతవరకు చేత వచ్చినదో అంతవరకే వారసులు బాధ్యులు. పుట్టింటివారు పెట్టిన నగ, ఆమె సొంత సంపాదన ఆ లెక్కలోనివి కావు. స్త్రీధనము స్త్రీదేయని 1985లో ప్రతిభారాణి వ్యాజ్యెములో సుప్రీము కోర్టు స్పష్టముగా చెప్పినది. పరువును తలచి ఇచ్చుట వేరు, బాధ్యతచేత ఇచ్చుట వేరు. ఏది యెట్టిదో తెలిసి యిచ్చిన చింత లేదు. భర్తతో పాటు నోటుపై, బ్యాంకు కాగితముపై సంతకము చేయుమన్నపుడు ఈ మాట జ్ఞప్తియందుంచుకొనుడు: సంతకముతో ఆ యప్పు మీదియు నగును.

జాబు వ్రాసిన సోదరి అడిగిన పావలా ఇక్కడ దొరకునని మా తలంపు. పెట్టెలో నగలుంచుకొని బయట నూటికి రెండు చొప్పున వడ్డీ కట్టు కుటుంబములు ప్రొద్దుటూరు బంగారపు బజారుకు దగ్గరగానున్న యీ ప్రాంతమున అనేకములు. లక్ష రూపాయల అప్పునకు ఏడాదికి 24,000 పోవుచున్నది. అదే నగను బ్యాంకులో కుదువపెట్టి, నూటికి పది వడ్డీ యనుకొన్నను, 10,000తో సరిపోవును. 14,000 మిగులును. నగ అమ్మినట్లును కాదు. అయితే రెండు షరతులు. నగ ఎవరిదో అప్పు వారి పేరనే యుండవలెను. రశీదులో తూకము, మచ్చు వ్రాసియుండవలెను. రెండవది కఠినమైనది: ఇంట జూదమో త్రాగుడో యున్నచో ఈ యుపాయము పనికిరాదు. పాత యప్పు తీరిన మరునాడే క్రొత్త నోటు పుట్టును, నగయు బ్యాంకులో నుండిపోవును. అట్టి యింట నగను కదపవద్దని మేము నిస్సంకోచముగా చెప్పుదుము.

నగల యప్పును గూర్చి రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో క్రొత్త నియమములు చేసి, 2026 ఏప్రిల్ 1 లోపల అమలు పరుపవలెనన్నది. బాకీ పూర్తిగా తీర్చిన ఏడు పనిదినములలో నగ చేతికీయవలెను. వారి తప్పుచేత ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు మనకు చెల్లించవలెను. వేలము వేసినచో బాకీ పోగా మిగిలిన సొమ్ము మనది. వేలమునకు ముందు నోటీసు రావలెను గనుక, చిరునామాయు ఫోను సంఖ్యయు మారినపుడు బ్యాంకులో మార్పించుట మరువకుడు. వీధి కొట్టులో తెల్లకాగితముపై కుదువపెట్టిన నగకు ఈ రక్షలేవియు వెంటరావు.

పంట అప్పు సంగతి క్లుప్తముగా. మూడు లక్షలవరకు గల పంట రుణమును గడువులోపల తీర్చిన రైతుకు కేంద్రపు రాయితీలు పోగా నూటికి నాలుగే వడ్డీ పడును. సంవత్సరమునకు, నెలకు కాదు. గడువు తప్పినచో అందు మూడు వంతుల రాయితీ, అనగా నూటికి మూడు, జారిపోవును. ఆ తేదీని పంచాంగము ప్రక్కన వ్రాసి తగిలించుడు. గడువు దినమున బాకీ కట్టి తిరగవ్రాయుటకు నాలుగు దినములకై పది రూపాయల వడ్డీకి పరుగెత్తుట మేము కన్నులార చూచితిమి. శనగ అమ్మిన నాడే కొంత సొమ్ము ప్రక్కకు తీసినచో ఆ పరుగుండదు. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా స్త్రీలు సారాపై తిరుగబడిన వెంట పుట్టిన పొదుపు సంఘములు నేడు మన గ్రామములన్నిట కలవు. సంఘములోని యప్పు వీధి యప్పుకన్న చవుక; మరొకరి కొరకు మీ పేర తీసి యిచ్చుట మాత్రము వద్దు. వారు కట్టకున్న సంఘము మిమ్మునే యడుగును.

మా చెల్లెలు ఇప్పుడు పాల పుస్తకమును అట్లే ఉంచుకొన్నది గాని, దాని వెనుక నుండి మరియొక లెక్క ప్రారంభించినది. మొదటి పుటలో ఎవరికెంత, ఏ తేదీ, సంవత్సరమునకు నూటికెంత అని మూడు వరుసలు గీసికొన్నది. ఎక్కువ వడ్డీగల బాకీ పైన, తక్కువది క్రింద. చేత మిగిలినది పై బాకీకే పోవును. అది తీరిన పిమ్మట రెండవదానికి. కుమారుడు డిగ్రీ చదువుచున్నాడు. ప్రతి నెల మొదటి ఆదివారమున ఆ పుట వానిచేత చదివించుకొనును.

చీటీ పాటలను గూర్చి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు సోదరీమణులు వ్రాసిన జాబులు చేరినవి. వానికి వచ్చు మాసమున సమాధానము వ్రాయుదుము.